ముందు మామూలు కీబోర్డు, రంగు లైట్లు తర్వాత

పోస్టు కొంచెం పొడుగే. తీరిక ఉన్నప్పుడు చదవండి, చదివాక మీ మాట కూడా రాయండి.

ఈ మధ్య ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. మిర్చి ఏరిన కూలి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో, స్కాలర్‌షిప్ పడే రోజుల్లో ఇంకా ఎక్కువైతది. "అన్నా, ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములు ఆడాలంటే ఏం కొనాలి? గేమ్‌ప్యాడా, మెకానికల్ కీబోర్డా, పక్కన పన్నెండు బటన్లున్న మౌసా? ఫోనుకు తగిలించే ట్రిగ్గర్లు సరిపోవా?" ఎవరికి తోచింది వాళ్లు చెప్తున్నారు. ఒకరు వీడియో లింకు పెడతారు, ఇంకొకరు డిస్కౌంటు లింకు పెడతారు. అడిగినోడు చివరికి బొమ్మలో బాగా మెరిసేది ఏదో అదే కొంటాడు.

మేము ఎర్రుపాలెం వైపు వాళ్లం. మా మండలం ఖమ్మం జిల్లాకు దక్షిణపు అంచు, దాటితే ఆంధ్రే. సామాను కొనాలంటే కొందరం రైలెక్కి ఖమ్మం పోతాం, కొందరం విజయవాడ పోతాం. ఈ గ్రూపులో మా వైపు తండాల పిల్లలూ ఉన్నారు, భద్రాచలం అడవి వైపు గూడేల పిల్లలూ ఉన్నారు. అందరి జేబూ దాదాపు ఒకటే. అందుకే ఈ ప్రశ్నకు మన జేబుకు, మన అవసరానికి తగ్గ జవాబు కావాలి.

మా జవాబు ముందే చెప్తున్నాం. మొదటి డబ్బులతో పూర్తి సైజు వైరు కీబోర్డు ఒకటి, మామూలు వైరు మౌసు ఒకటి కొనండి. రెండూ కలిపి సుమారు 700 నుంచి 1,000 రూపాయల్లో వస్తాయి. మిగతావన్నీ తర్వాత. ఎందుకంటే ఈ రకం ఆటల్లో వెనకబడేది వేళ్లు నెమ్మదిగా ఉన్నోడు కాదు, మాట్లాడలేనోడు. పైగా ఆ కీబోర్డు ఆట అయిపోయాక కూడా మనకు పనికొస్తది.

ముందు ఏ ఆటల గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. ఇంట్లో అమ్మానాన్నలకు "ఆన్‌లైన్ గేమ్" అంటే రమ్మీయే గుర్తొస్తది, భయపడతారు. ఆ భయంలో తప్పు లేదు. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా దేశమంతటికీ పైసలతో ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆపుతూ చట్టం చేసింది. మేం చెప్పేది వాటి గురించి కాదు. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే ఒక పాత్ర తీసుకుని, ఒక పెద్ద లోకంలో తిరుగుతూ, తెలియని మనుషులతో జట్టు కట్టి పనులు చేసుకుంటూ పోయే ఆట. జట్టులో ఒకడు ముందు నిలబడి దెబ్బలు కాస్తాడు, ఒకడు గాయాలు మాన్పుతాడు, మిగతావాళ్లు కొడతారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, ఫైనల్ ఫాంటసీ 14, ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్, ఆల్బియన్ ఆన్‌లైన్ లాంటివి. తుపాకులతో కాల్చుకునే ఆటలు వేరు. అక్కడ గురి, వేగం ముఖ్యం. వాటికిచ్చే సలహా తెచ్చి వీటికి అతికిస్తున్నారు కాబట్టే సగం గందరగోళం.

వేగం లెక్క ఒకసారి చూద్దాం. అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పేది దీని గురించే. మామూలు యూఎస్‌బీ మౌసు సెకనుకు 125 సార్లు తన కబురు కంప్యూటర్‌కు పంపుతది. అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. గేమింగ్ మౌసు సెకనుకు 1,000 సార్లు పంపుతది, అంటే ఒక్క మిల్లీసెకనుకు ఒకసారి. తేడా మహా అయితే 7 మిల్లీసెకన్లు. ఇప్పుడు ఆటల వైపు చూడండి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక మంత్రం వేశాక ఇంకోటి వెయ్యాలంటే మామూలుగా సెకనున్నర ఆగాలి, అంటే 1,500 మిల్లీసెకన్లు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో ఆట మొత్తం 0.6 సెకన్ల అడుగులతో నడుస్తది. నువ్వు ఎంత తొందరగా నొక్కినా ఆ అడుగు పడేదాకా ఏమీ జరగదు. దానికి తోడు మన ఊళ్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడుతుంటే, కబురు ఎక్కడో విదేశంలో ఉన్న సర్వర్‌కు పోయి రావడానికే వంద మిల్లీసెకన్లు దాటుతది. వాన పడితే అదీ గ్యారంటీ లేదు. వంద, ఆరువందలు, పదిహేనువందల మిల్లీసెకన్ల మధ్య ఆ ఏడు కోసం మూడు వేలు పెట్టడం దండగ.

డీపీఐ కూడా అంతే. డబ్బా మీద పెద్ద పెద్ద అంకెలు వేస్తారు. అది మౌసు ఎంత కదిలిస్తే బాణం గుర్తు ఎంత కదలాలో చెప్పే లెక్క. మామూలు స్క్రీన్ మీద 800 నుంచి 1,600 మధ్య చాలు. 20,000 డీపీఐ పెడితే చెయ్యి వణికినా బాణం గోడ దాటిపోతది.

మరి ఈ ఆటల్లో దేనితో గెలుస్తారు? దీనికి ఈ ఆటల పుట్టుక చూస్తే జవాబు దొరుకుతది. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఒక ఆట రాయడం మొదలుపెట్టాడు, రిచర్డ్ బార్టల్ అనే ఇంకో విద్యార్థి దాన్ని ముందుకు తీసుకుపోయాడు. పేరు మడ్. అందులో బొమ్మలు లేవు, మౌసు లేదు. స్క్రీన్ మీద అక్షరాలే. "ఉత్తరానికి వెళ్లు", "కత్తి తీసుకో" అని టైపు చేస్తే ఆ పని జరిగేది. అదే గదిలో ఉన్న ఇంకో ఆటగాడికి మాట టైపు చేస్తే అతను చదివేవాడు. ఇవాళ మనం ఆడే పెద్ద ఆటల వంశమంతా అక్కడినుంచే వచ్చింది. ఆ మొదటి ఆటకు ఒకటే పరికరం, కీబోర్డు. నడవడానికీ అదే, మాట్లాడడానికీ అదే.

బొమ్మలు వచ్చాయి, రంగులు వచ్చాయి, కానీ జట్టు పని మారలేదు. పెద్ద రాక్షసుడి ముందుకు పోయే ముందు ఎవరు ఎటు నిలబడాలి, ఎవరు ఎప్పుడు వెనక్కి తగ్గాలి అని మాట్లాడుకోవాలి. సామాను అమ్ముకోవాలంటే బేరమాడాలి. జట్టులోకి రానివ్వమని అడగాలి. ఎవరైనా మోసం చేస్తే నిలదీయాలి. ఇవన్నీ చాట్ పెట్టెలో నడుస్తాయి. మన పిల్లలు ఫోను మీద ఆడుతూ, రెండు బొటనవేళ్లూ పాత్రను నడపడంలో ఇరుక్కుపోయి, ఒక్క మాట కూడా రాయలేరు. రాద్దామంటే స్క్రీన్ సగం కీబోర్డు కప్పేస్తది, ఈలోపు పాత్ర చచ్చిపోతది. అవతలివాళ్లు "వీడు పలకడు" అని జట్టులోంచి తీసేస్తారు. మన పిల్లలకు ఆట రాక కాదు. నోరు తెరిచే దారి లేక. క్లాసులో వెనక బెంచీ, ఆఫీసులో లైను చివర, ఇప్పుడు ఆటలో కూడా నోరు మూసుకుని కూర్చోవడమేనా అన్నది మా బాధ.

"మైకు ఉంది కదా, మాట్లాడొచ్చు కదా" అని కొందరంటారు. నిజమే, ఇష్టమున్నోళ్లు మాట్లాడండి. కానీ ఒక గది ఇంట్లో అందరూ పడుకున్నాక మైకులో అరవలేం. యాస విని ఎగతాళి చేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ముఖ్యంగా మన ఆడపిల్లలు. గొంతు వినపడగానే ఆడపిల్ల అని తెలుస్తది, ఆ తర్వాత ఆట సంగతి ఎవడికీ పట్టదు, వంకర మాటలు మొదలవుతాయి. కీబోర్డు మీద ఆ అమ్మాయి తను ఎవరో చెప్పాలో వద్దో తానే తేల్చుకుంటది. ఆ పిల్ల దగ్గర కీబోర్డు లేకపోతే ఆ నిర్ణయం అవతలివాళ్ల చేతిలో పెట్టినట్టే.

ఇక ఒక్కో పరికరం సంగతి చూద్దాం. ఏదీ చెడ్డది కాదు, దేని చోటు దానిది.

ఫోను టచ్ స్క్రీన్: చేతిలో ఉన్నదే కాబట్టి ఖర్చు లేదు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ 2018 నుంచి, ఆల్బియన్ 2021 నుంచి ఫోన్లో కూడా వస్తున్నాయి. ఫోన్లో ఆడినా కంప్యూటర్‌లో ఆడినా లోకం ఒకటే, అకౌంట్ ఒకటే. చేపలు పట్టడం, చెట్లు కొట్టడం లాంటి తీరిక పనులకు ఫోను చాలు. జట్టుతో పెద్ద పనికి మాత్రం చాలదు. ట్రిగ్గర్లు తుపాకి ఆటల కోసం తయారైనవి. ఇక్కడ వాటితో పనే లేదు.

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్: ఉత్తరం రాయడానికి సరే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లాంటి ఆటలో కుడి బటన్ పట్టుకుని చుట్టూ చూస్తూ ముందుకు పోవాలి. రెండు బటన్లూ కలిపి నొక్కితే పాత్ర నడుస్తది. టచ్‌ప్యాడ్ మీద ఆ పని చేస్తే అరగంటలో మణికట్టు లాగుతది. ల్యాప్‌టాప్ ఉన్నోళ్లు మూడు వందల రూపాయల మౌసు ఒకటి కొంటే అదే పెద్ద మార్పు.

గేమ్‌ప్యాడ్: ఫైనల్ ఫాంటసీ 14, గెన్షిన్ ఇంపాక్ట్ లాంటివి గేమ్‌ప్యాడ్‌తో హాయిగా ఆడొచ్చు. మంచం మీద కూర్చుని ఆడేవాళ్లకు సుఖం. కానీ ఒక్క మాట రాయాలన్నా స్క్రీన్ మీద అక్షరం అక్షరం వెతుక్కోవాలి. అది రెండోదిగా కొనుక్కునే వస్తువు. ఆట అయిపోయాక దానితో ఇంకో పని లేదన్నది కూడా గుర్తుంచుకోండి.

పక్కన పన్నెండు బటన్లున్న మౌసు: రేజర్ కంపెనీ 2009లో నాగా పేరుతో తెచ్చింది, తర్వాత వేరే కంపెనీలూ తెచ్చాయి. మంత్రాలన్నీ బొటనవేలు కిందకే వస్తాయి. రోజూ గంటల తరబడి ఆడేవాళ్లకు పనికొస్తది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పన్నెండు మంత్రాలు కూడా ఉండవు. ఉన్న నాలుగైదింటికి కీబోర్డు పై వరస అంకెలు చాలు.

మెకానికల్ కీబోర్డు: ప్రతి బటన్ కింద విడి స్విచ్ ఉంటది, చాలా ఏళ్లు మన్నుతది, నొక్కుతుంటే బాగుంటది. మంచిది కాదని మేం అనం. కానీ మంచివి రెండు వేలు దాటుతాయి. ఆ డబ్బులకు మామూలు కీబోర్డు, మౌసు జతలు రెండు వస్తాయి. ఇద్దరు పిల్లలు మొదలుపెట్టొచ్చు. మామూలు కీబోర్డులో రబ్బరు పొర ఉంటది, మెత్తగా ఉంటది, చప్పుడు తక్కువ. పడుకున్న ఇంట్లో అదీ ఒక సుఖమే.

మామూలు కీబోర్డుకు ఒక లోటు ఉంది, అది కూడా చెప్పాలి. కొన్ని చౌక కీబోర్డుల్లో మూడు నాలుగు బటన్లు ఒకేసారి నొక్కితే ఒకటి పలకదు. బటన్ల కింద తీగలు అడ్డం నిలువు వరసల్లో అల్లి ఉంటాయి, కొన్ని జతలు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. అందుకే షాపులోనే చూసుకోవాలి. నోట్‌ప్యాడ్ తెరిచి డబ్ల్యూ, ఏ పట్టుకుని ఒకటి అంకె నొక్కండి. తర్వాత షిఫ్ట్, డబ్ల్యూ పట్టుకుని రెండు, మూడు నొక్కి చూడండి. చివర నొక్కింది స్క్రీన్ మీద పడితే మన ఆటలకు అది చాలు. నడవడానికి బాణం గుర్తులు వదిలి డబ్ల్యూ, ఏ, ఎస్, డి వాడటం 1990ల చివర్లో బాగా వ్యాపించింది. 1997లో క్వేక్ పోటీ గెలిచిన డెనిస్ ఫాంగ్ అలా ఆడటం చూసి చాలామంది నేర్చుకున్నారు. ఎడమ చెయ్యి అక్కడ ఉంటే చుట్టుపక్కల ఇరవై బటన్లు అందుతాయి, కుడి చెయ్యి మౌసు మీద ఉంటది. ఈ కాలం ఆటలు చాలావరకు ఆ లెక్కతోనే వస్తున్నాయి.

ఇప్పుడు ఆట బయటి సంగతి. మా వాదనలో అసలు బరువు ఇక్కడే ఉంది.

మనలో చాలామంది కీబోర్డు మీద వేళ్లు సరిగా పెట్టింది ఏదో ఒక పరీక్ష సెంటర్‌లోనే. అప్పటిదాకా ఫోనే. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీహెచ్ఎస్ఎల్‌లో క్లర్కు పోస్టులకు టైపింగ్ పరీక్ష ఉంటది. ఇంగ్లీషులో నిమిషానికి 35 మాటలు, పది నిమిషాలు. వాళ్ల లెక్కలో అది గంటకు 10,500 సార్లు బటన్ నొక్కడం. అంటే పది నిమిషాల్లో 1,750 సార్లు. రైల్వే ఎన్‌టీపీసీలో క్లర్క్ కమ్ టైపిస్ట్ పోస్టులకు నిమిషానికి 30 ఇంగ్లీషు మాటలు కావాలి. మన ఊరి మీదుగా రోజూ పోయే రైళ్ల ఆఫీసుల్లో మనవాళ్లు కూర్చోవాలంటే రాత పరీక్ష ఒక్కటే పాసైతే సరిపోదు. రాత పరీక్ష గట్టెక్కి టైపింగ్ దగ్గర ఆగిపోవడం కన్నా కడుపు మండే సంగతి ఇంకోటి ఉండదు. చదువులో ఓడిపోయి కాదు, ఇంట్లో కీబోర్డు లేక.

మౌసు కూడా అంతే. మన ఎంసెట్, అంటే ఇప్పటి ఎప్‌సెట్, 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పేపర్ 2019 నుంచి కంప్యూటర్ మీదే. జేఈఈలో కీబోర్డు ముట్టుకోకూడదు, అంకెలు కూడా స్క్రీన్ మీద కనిపించే బటన్లను మౌసుతో నొక్కి వెయ్యాలి. పట్నం పిల్లకు అది చూడకుండా చేసే పని. ఫోను తప్ప ఏమీ ముట్టుకోని పిల్లకు మొదటి పది నిమిషాలు బాణం గుర్తును వెతుక్కోవడంలోనే పోతాయి. నెల రోజులు మౌసుతో ఆట ఆడిన పిల్లకు ఆ బెరుకు ఉండదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆట ఆడితే టైపింగ్ దానంతటదే రాదు. డబ్ల్యూ, ఏ, ఎస్, డి మీద పెట్టే చెయ్యి వేరు, టైపింగ్‌కు పెట్టే చెయ్యి వేరు. టైపింగ్ వచ్చేది చాట్‌తో. ఎఫ్, జె బటన్ల మీద చిన్న గీత తగులుతది, రెండు చూపుడు వేళ్లూ అక్కడ పెట్టి, కింద చూడకుండా రాయడం అలవాటు చేసుకోవాలి. మొదటి రెండు వారాలు చిరాకుగా ఉంటది, ఒంటి వేలితోనే తొందరగా వస్తది అనిపిస్తది. ఆగండి. జట్టు చాట్‌లో పది మందికి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు, అవసరం కొద్దీ వేళ్లు వాటంతటవే దారి పట్టుకుంటాయి. టైపింగ్ సెంటర్‌లో ఒకే పేరా వందసార్లు కొట్టే విసుగు ఇక్కడ ఉండదు, ఎందుకంటే ఇక్కడ రాసేది నీ మాట.

నీ మాట అన్నాం కాబట్టి భాష సంగతి కూడా. విండోస్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎప్పటినుంచో ఉంది, 2019 నుంచి విండోస్ 10లో ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు కూడా వచ్చింది. విడిగా డబ్బులు పెట్టక్కర్లేదు. కొన్ని ఆటల చాట్‌లో తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపిస్తాయి, అది ఆట చేసినవాళ్ల లోటు. అక్కడ ఇంగ్లీషు లిపిలో రాసుకుందాం, మన జట్టు గ్రూపులో మాత్రం తెలుగు లిపిలో రాసుకుందాం. కోయ మాట, లంబాడీ మాట కూడా తెలుగు లిపిలో రాయొచ్చు. గోండీకైతే సొంత లిపులే యూనికోడ్‌లో చేరాయి, మసరం గోండి 2017లో, మన ఆదిలాబాద్ వైపు దొరికిన గుంజాల గోండి 2018లో. ఒక లిపికి కంప్యూటర్‌లో చోటు దొరకడం ఒక మెట్టు. ఆ లిపిలో రోజూ టైపు చేసే పిల్లలుండడం రెండో మెట్టు. మొదటి మెట్టు పెద్దలు, పండితులు ఎక్కించారు. రెండోది మన వేళ్ల మీదుంది. మన అవ్వ తాతల మాట గొంతులో ఉంది, స్క్రీన్ మీదకు ఇంకా పూర్తిగా రాలేదు. నలుగురు పిల్లలు ఆట మధ్యలో కోయలో తిట్టుకున్నా, లంబాడీలో జోకులేసుకున్నా ఆ మాట బతికినట్టే.

ఇంకో ఆశ కూడా ఉంది. ఆ 1978 నాటి మడ్ లాంటి అక్షరాల ఆటలు ఇవాళ ఎవరైనా చేసుకోవచ్చు. పైథాన్‌లో రాసిన ఎవేనియా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దానికోసమే ఉంది. మన గ్రూపులో బీటెక్ చదివే అన్నలు, అక్కలు ఉన్నారు. ఇప్పపువ్వు ఏరే పొద్దు, వెదురు వనం, వాగు దాటే దారి, జాతరకు పోయే బండ్లు, ఇవన్నీ మన భాషలో ఒక ఆటగా రాసుకోవచ్చు. దానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, పాత కంప్యూటర్ చాలు. కావాల్సిందల్లా కీబోర్డే.

మాకు ఎదురు వచ్చే మాటలు మూడు. "కంప్యూటరే లేదు, కీబోర్డు ఏం చేసుకోను?" అని ఒకటి. ఆండ్రాయిడ్ ఫోనుకు ఓటీజీ అనే చిన్న ముక్క తగిలిస్తే యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పని చేస్తాయి. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.1 నుంచే ఈ సౌకర్యం ఉంది. ఆ ముక్క వంద రూపాయల లోపే దొరుకుతది. మీ ఫోను ఓటీజీ తీసుకుంటదో లేదో షాపులోనే పెట్టి చూడండి. టైపింగ్ ప్రాక్టీసుకు, చాట్‌కు, నోట్స్ రాసుకోవడానికి అది చాలు. ఒక జాగ్రత్త. కీబోర్డు నొక్కులను టచ్‌గా మార్చే యాప్‌లు కొన్ని తిరుగుతున్నాయి. చాలా ఆటల కంపెనీలు వాటిని ఒప్పుకోవు, అకౌంట్ పోతది. పైగా ఆ యాప్‌లు స్క్రీన్ మీద ఉన్నదంతా చూసే అనుమతి అడుగుతాయి. అదే ఫోన్లో మీ ఫోన్‌పే ఉంటది. వద్దు.

"అసలు ఆటలే ఎందుకు, చదువుకోక" అని రెండోది. పరీక్షల ముందు ఆట పక్కన పెట్టాలి, ఎవరూ కాదనరు. రాత్రంతా ఆడి పొద్దున క్లాసులో నిద్రపోయేవాణ్ని మేం సమర్థించం. కానీ మన పిల్లలు ఎలాగూ ఆడుతున్నారు, ఫోన్లో తల వంచుకుని. ఆడే ఆ గంటలో చేతికి ఒక విద్య వచ్చేలా చేయొచ్చు కదా అన్నదే మా మాట.

"మా తమ్ముడికి చెయ్యి సరిగా పని చేయదు, వాడికి కీబోర్డు ఎలా?" అని మూడోది. దీనికి మా సలహా వేరు. విండోస్‌లో స్టిక్కీ కీస్ అనే సదుపాయం ఉంది, షిఫ్ట్ పట్టుకోకుండా ఒకటి తర్వాత ఒకటి నొక్కొచ్చు. స్క్రీన్ మీద కీబోర్డు కూడా ఉంది, మౌసుతో నొక్కొచ్చు. మైక్రోసాఫ్ట్ 2018లో ఇలాంటి వాళ్లకోసమే పెద్ద బటన్లున్న ఒక కంట్రోలర్ తెచ్చింది, ధర మాత్రం ఎక్కువ. ఆ తమ్ముడికి ఏది వీలైతే అదే సరైన పరికరం. మిగతావాళ్లు అతనికి చోటివ్వాలి. అది కూడా జట్టు ధర్మమే.

కొనే ముందు ఇవి చూసుకోండి.

ఒకటి, వైరుదే కొనండి. బ్యాటరీ ఖర్చు ఉండదు, మధ్యలో ఆగిపోదు. కాకపోతే వైరును ఎలుకలు కొరుకుతాయి. వాడాక చుట్టి పైన పెట్టండి.

రెండు, పాత కంప్యూటర్ అయితే వెనక గుండ్రటి పోర్టు ఉందా, యూఎస్‌బీ ఉందా చూసి పొండి. కీబోర్డు తెచ్చాక ఎక్కకపోతే రైలు చార్జీ దండగ.

మూడు, అంకెల భాగం కూడా ఉన్న పూర్తి సైజుదే తీసుకోండి. డేటా ఎంట్రీ పనికి ఆ అంకెలే దిక్కు. ఆటలకోసం అమ్మే చిన్న కీబోర్డుల్లో అవి ఉండవు.

నాలుగు, ఎడమ చేతి వాటం ఉన్నోళ్లు రెండు వైపులా ఒకేలా ఉండే మౌసు అడగండి. కుడిచేతికి వంపు తిప్పిన మౌసు మీకు నొప్పి తెస్తది.

ఐదు, మన ఎర్ర దుమ్ముకు రెండు వారాలకోసారి కీబోర్డు బోర్లించి దులపండి. టీ పక్కన పెట్టుకోవద్దు. ఒలికితే వెంటనే వైరు తీసి, బోర్లించి, పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టండి.

ఆరు, బిల్లు తీసుకోండి. షాపాయన "బిల్లు లేకుండా యాభై తక్కువ" అంటే ఒప్పుకోకండి. వారంటీ ఆ కాగితం మీదే ఉంటది.

చివరిగా, ఎవరి చేతికి అన్న సంగతి. నలుగురు కలిసి చందాలేసి ఒక జత కొనడం మంచి పద్ధతి. కానీ కలిసి కొన్న వస్తువు చివరికి గట్టిగా అరిచేవాడి ఒళ్లోకి పోతది. అందుకే గోడ మీద టైము రాసి పెట్టండి. అక్కచెల్లెళ్ల టైము సాయంత్రం వంట పని పడే వేళకు పెట్టి, "వాళ్లే రాలేదు" అనకండి. వాళ్లకు వీలైన వేళ వాళ్లనే అడిగి రాయండి. మొదటి పావుగంట టైపింగ్, తర్వాత ఆట అని ఒక కట్టుబాటు పెట్టుకుంటే ఇంట్లో పెద్దలు కూడా ఏమీ అనరు. చూడటానికి వచ్చిన చిన్న పిల్లలను తరమకండి, పక్కన కూర్చోబెట్టుకోండి. మనం ఎవరి వెనకాలో నిలబడి చూసే నేర్చుకున్నాం కదా.

రంగు లైట్ల కీబోర్డు కొనుక్కున్న తమ్ముళ్ల మీద మాకు కోపం లేదు. మీ కష్టం, మీ ఇష్టం. దానిమీద కూడా టైపింగ్ వస్తది, నేర్చుకోండి, పక్కోడికి నేర్పండి. ఇంకా కొననోళ్లు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. ఆటలో, పరీక్షలో, ఆఫీసు అర్జీలో, మన భాష రాతలో ఒకేలా పనికొచ్చే వస్తువు మన జేబుకు అందే ధరలో ఉంది. ముందు అది కొందాం.

ఎవరి ఊళ్లో వాడకుండా పడున్న పాత కీబోర్డు, మౌసు ఉన్నాయో, ఎవరికి అవసరమో రాయండి. ఎర్రుపాలెం, మధిర వైపు వాళ్లకు చేర్చే పని మేం చూస్తాం. భద్రాచలం వైపు ఎవరైనా ముందుకు రండి.